పాడ్‌కాస్ట్: ఓటీపీ చదవండి బాబాయ్

రమణి: నమస్కారం. ఇవాళ మన విషయం బీమా ఏజెంట్ల చదువు. పరీక్ష పాసయ్యాక కూడా చదవాలా, ఏం చదవాలి అని. నేను ఏజెంట్లకి ట్రైనింగ్ ఇస్తాను, నాతో ఉన్న శీను బీమా ఏజెంటు.



రమణి: సరే, విషయానికొద్దాం. పాయింట్ ఆఫ్ సేల్స్ వాళ్లకి, అంటే తేలిక పాలసీలు మాత్రమే అమ్మేవాళ్లకి, 15 గంటల ట్రైనింగ్. ఏజెంటు కావాలంటే ఐసీ-38 అనే పరీక్ష. అది దాటినవాళ్లు ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా పరీక్షలు రాసుకోవచ్చు. లైసెన్షియేట్‌కి 60 క్రెడిట్ పాయింట్లు, అసోసియేట్‌షిప్‌కి 250, ఫెలోషిప్‌కి 490.

శీను: 490 ఉన్నవాణ్నీ, ఒక్కటీ లేనివాణ్నీ కస్టమర్ అడిగేది ఒకటే మేడమ్. "మొదటి ప్రీమియంలో ఎంత వదులుతావు?"

రమణి: మొదలెట్టాడు.

శీను: బీమా చట్టం సెక్షన్ 41! కమిషన్లో వాటా కస్టమర్‌కి ఇవ్వడం, అదే రిబేటు, ఇవ్వడమూ తప్పు, పుచ్చుకోవడమూ తప్పు. జరిమానా 10 లక్షల దాకా. 1938 నాటి చట్టం ఇది. గాజువాకలో ఇంకా ఎవరికీ అందలేదు.

రమణి: నీ 41 పక్కన పెట్టు. ఏజెంట్లు ఇప్పుడు కొత్తగా నేర్చుకోవాల్సింది ఫోను సంగతి. "ఐఆర్‌డీఏఐ నుంచి మాట్లాడుతున్నాం, మీ పాలసీకి బోనస్ వచ్చింది" అని ఫోన్లు వస్తున్నాయి. ఐఆర్‌డీఏఐ అంటే బీమా కంపెనీలని నియంత్రించే సంస్థ, అది పాలసీలు అమ్మదు, బోనస్‌లు ప్రకటించదు. ఆ మాట వినగానే ఫోను పెట్టేయడమే.

శీను: పెట్టరు మేడమ్. ఎందుకంటే అవతలివాడు ఇంకో మాట చెప్తాడు. "మీ ఏజెంటుకి పోయే కమిషన్ మీకే వెనక్కి ఇప్పిస్తాం, ముందు జీఎస్‌టీ కట్టండి" అంటాడు. రిబేటు రుచి మరిగినవాడికి అందులో తప్పేం కనిపిస్తుంది? చూశారా, మళ్లీ 41 దగ్గరికే వచ్చాం.

రమణి: ఈసారి ఒప్పుకుంటాను. ఇంకో సంగతి కూడా వినండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్‌టీయే లేదు. ఆ పేరు చెప్పి డబ్బడిగితే అక్కడే దొరికిపోయాడన్నమాట.

శీను: యాస కూడా మోసం చేస్తుంది మేడమ్. ఫోన్లో హిందీ వస్తే మనవాళ్లు జాగ్రత్తపడతారు. "ఏటి బాబాయ్, బాగున్నారా" అంటే కరిగిపోతారు.

రమణి: 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టింది అదే కదా. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్లని కంబోడియా పంపి, అక్కడ కూర్చోబెట్టి మోసాలు చేయించారు. పాపం, ఆ పిల్లలు కూడా మోసపోయినవాళ్లే.

శీను: (కాసేపు ఆగి) మా వీధి నుంచీ ఒకబ్బాయి వెళ్లబోయాడు. వాళ్లమ్మ ఆపేసింది.

రమణి: ...మంచి పని చేసింది. సరే, ఇప్పుడు నీ మీదకొస్తాను. కొత్త పాలసీ చేసేటప్పుడు ఓటీపీ ఎవరి ఫోనుకి వస్తుంది?

శీను: కస్టమర్‌కి.

రమణి: ఎవరు కొడతారు?

శీను: నేనే. ఆయన చదువుతాడు, నేను కొడతాను. అందరూ చేసేది అదే.

రమణి: ఆ ఓటీపీ సంతకంతో సమానం. "చదవండి బాబాయ్, చదవండి పిన్నీ" అని ఇన్నేళ్లూ వాళ్లకి అలవాటు చేసింది మనమే. రేపు ఇంకెవడో అలాగే అడిగితే ఎందుకు చెప్పరు?

శీను: మేడమ్, మీరు ట్రైనింగ్ హాల్లో ఏసీలో కూర్చుని చెప్తారు. అగనంపూడిలో మా కస్టమర్ ఒకావిడ ఉన్నారు. స్టీల్ ప్లాంట్లో చేసిన ఆయన పోయారు, కొడుకు బెంగళూరులో. కళ్లద్దాలు పెట్టుకున్నా మెసేజ్ కనపడదు. నేను కొట్టకపోతే ఎవరు కొడతారు?

రమణి: నువ్వు కొట్టు, కాదనను. కొట్టేముందు మెసేజ్ మొత్తం పైకి చదివి వినిపించావా? ఎంత ప్రీమియం, ఎన్నేళ్లు, దేనికి ఒప్పుకుంటున్నారో?

శీను: అంత టైమ్ ఎక్కడుంది?

రమణి: అదే నా కోపం! ఇంకొకటి. పాలసీలో ఆవిడ నంబరుకి బదులు ఏజెంటు తన నంబరే రాసుకుంటాడు. ప్రీమియం గడువు మెసేజ్ ఆవిడకి రాదు, పాలసీ ల్యాప్స్ అయినా తెలీదు. కొత్త పాలసీ నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయొచ్చు, ఆ ఫ్రీ లుక్ సంగతీ తెలీదు.

శీను: నేనలా రాయను.

రమణి: నిన్ననలేదు.

శీను: అన్నట్టే ఉంది. అసలు మీ క్లాసుల్లో ఇవి ఎప్పుడైనా చెప్పారా? హామీ మొత్తం, నామినీ, అసైన్‌మెంట్, అంతే. లైసెన్సు మూడేళ్లకోసారి రెన్యువల్ చేసుకునే రోజుల్లో మళ్లీ కూర్చున్నాం, మళ్లీ అవే స్లైడ్లు.

రమణి: ...సిలబస్ నేను రాయలేదు శీనూ.

శీను: మీరు రాయలేదు. కానీ టీలు మాత్రం బాగుండేవి.

రమణి: (నవ్వు) అవును, మన దగ్గర గారెలు కూడా ఉండేవి. సరే, నంబర్లు చెప్పేసి ముందుకెళ్దాం. ఫోను మోసంలో డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. పాలసీ మీద ఫిర్యాదు ఉంటే ముందు కంపెనీకి, అక్కడ తేలకపోతే ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్, లేదా వాళ్ల కాల్ సెంటర్ 155255.

శీను: కంపెనీల సర్వీస్ కాల్స్‌కి 1600తో మొదలయ్యే నంబర్లు ఇచ్చారు, అదీ చెప్పండి. కానీ నేను చేసేది నా మామూలు నంబరు నుంచే కదా. కస్టమర్ నన్నూ దొంగ అనుకుంటాడేమో.

రమణి: అనుకోనీ. నీ నంబరు ఆయన ఫోన్లో నీ పేరుతో సేవ్ చేయించు. డబ్బు గురించైతే ఇంటికెళ్లి మాట్లాడు.

శీను: పెట్రోలు ఎవరిస్తారు? ఆ కమిషన్లో సగం రిబేటు అడిగితే...

రమణి: శీనూ.

శీను: సరే సరే. మీరొకసారి నాతో అగనంపూడి రండి మేడమ్. ఆవిడకి మీరే నేర్పండి.

రమణి: వస్తాను. ఆదివారం?

శీను: ఆదివారం ఆవిడ చర్చికి వెళ్తారు. శనివారం.

రమణి: శనివారం నాకు కుదరదు. సోమవారం సాయంత్రం చూద్దాం, నువ్వు ముందు ఆవిడకి ఫోన్ చేసి అడుగు.