రెండు జతల కళ్ళ మధ్య రాయలు

అందరికీ నమస్కారం.

శ్రీకృష్ణదేవరాయల మీద సినిమా తీస్తున్నానని తెలిసినప్పటి నుంచి ఎవరు కనబడినా మొదట అడిగేది, యుద్ధాలు ఎన్ని ఉంటాయి సార్ అని. రెండోది, హీరో ఎవరని. ఆ రెండింటికీ తర్వాత వస్తాను, ముందు ఈ కథ నన్ను ఎక్కడ పట్టుకుందో చెప్పాలి.

నూనిజ్ అని ఒక పోర్చుగీసు గుర్రాల వ్యాపారి ఉన్నాడు. రాయలు పోయిన కొన్నేళ్ళకు విజయనగరంలో ఉండి, అక్కడ విన్నదీ చూసిందీ రాసిపెట్టుకున్నాడు. అందులో ఒక సంగతి ఉంది. 1509లో అన్న వీరనరసింహరాయలు చావు మంచం మీద ఉన్నాడు, కొడుకు చూస్తే ఎనిమిదేళ్ళ పిల్లాడు. ఆ పిల్లాడికే సింహాసనం దక్కాలని మంత్రి తిమ్మరుసును పిలిచి, తమ్ముడు కృష్ణరాయల కళ్ళు పీకించి తెచ్చి చూపించమన్నాడు. తిమ్మరుసు కృష్ణరాయల్ని పక్కకు తీసుకెళ్ళి విషయం చెప్తే, అతను "నాకు రాజ్యం వద్దు, జోగినై ఎటో తిరుగుతాను, నా కళ్ళు మాత్రం తీయొద్దు" అన్నాడట. తిమ్మరుసు ఒక మేక కళ్ళు తెప్పించి రాజుకు చూపించాడు.

ఇక్కడితో ఆగితే మంచి ఇంటర్వెల్ బ్యాంగ్ అనుకోవచ్చు. కానీ అదే నూనిజ్ ఇంకొన్ని పేజీల తర్వాత రాసింది చదివి నేను ఆ రాత్రి నిద్రపోలేదు. రాయలు ముద్దుగా పెంచుకుని, తాను బతికుండగానే పట్టం కట్టిన కొడుకు తిరుమలరాయలు చనిపోయాడు, విషం పెట్టారన్నారు, అనుమానం తిమ్మరుసు ఇంటి మీదకు పోయింది. అప్పాజీ అని నోరారా పిలిచిన ఆ తిమ్మరుసును రాయలు జైల్లో పెట్టించి, ఆ తర్వాత కళ్ళు తీయించాడు. తన కళ్ళు కాపాడినవాడి కళ్ళు! ఇదంతా అక్షరాలా ఇలాగే జరిగిందా అంటే, రాసినవాడు విన్నది రాశాడు, కాబట్టి నేను దీన్ని శాసనంలా నెత్తిన పెట్టుకోను. కానీ ఇరవై ఏళ్ళ పాలన మొత్తం ఈ రెండు జతల కళ్ళ మధ్యే ఉందని నాకు అనిపించింది, నా సినిమా కూడా అక్కడే ఉంటుంది.

1962లో వచ్చిన మహామంత్రి తిమ్మరుసులో ఎన్టీఆర్ గారు రాయలు, గుమ్మడి గారు తిమ్మరుసు. మనందరికీ రాయలంటే ఇప్పటికీ ఆ ముఖమే, ఆ నడకే. ఆ ముఖంతో పోటీకి దిగాలని నాకు లేదు, దిగినా ఓడిపోతాను. నాకు దారి చూపించింది ఇంకో పోర్చుగీసు యాత్రికుడు, డొమింగో పేస్. ఇతను 1520 ప్రాంతంలో వచ్చి రాయలను ఎదురుగా నిలబడి చూశాడు. ఏం రాశాడంటే, మధ్యస్థమైన ఎత్తు, మంచి రంగు, సన్నం కాదు, కాస్త ఒళ్ళు చేసిన మనిషి, ముఖం మీద మశూచి మచ్చలు. సరదా మనిషి, పరదేశుల్ని ఆదరిస్తాడు, కానీ ఉన్నట్టుండి కోపం ముంచుకొస్తుంది.

ఆ మచ్చలు నాకు కావాలి. మేకప్ వాళ్ళతో మొదటిరోజే చెప్పాను, సీజీలో చెరిపేసే ప్రసక్తే లేదని. ఆ కోపం ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే అప్పాజీ విషయంలో జరిగింది చివర్లో హఠాత్తుగా ఊడిపడకూడదు. మొదటి అరగంటలోనే, అందరూ నవ్వుతున్న ఒక సభలో, ఆ కోపం ఒక్కసారి తల ఎత్తి మళ్ళీ దిగిపోవాలి, చూసేవాడి ఒళ్ళు కాస్త జలదరించాలి.

పేస్ రాసిన ఇంకో సంగతి నా మొదటి షాట్. తెల్లవారకముందే రాయలు పెద్ద గ్లాసుడు నువ్వుల నూనె తాగేవాడు, ఒళ్ళంతా అదే నూనె పట్టించుకుని, నడుముకు చిన్న గుడ్డ చుట్టుకుని, మట్టితో చేసిన బరువులు ఎత్తేవాడు, కత్తి తిప్పేవాడు, తాగిన నూనె అంతా చెమటగా బయటికొచ్చేదాకా ఆపేవాడు కాదు, ఆ తర్వాత ఒక మల్లుడితో కుస్తీ, ఆ తర్వాత గుర్రమెక్కి వెలుగొచ్చేదాకా మైదానంలో పరుగు. కిరీటం లేదు, డైలాగు లేదు. చీకట్లో దివిటీ వెలుగుకు నూనె మెరుస్తున్న వీపు, మట్టి బరువు నేలకు ఆనిన చప్పుడు, ఊపిరి. హీరో ఎవరని అడుగుతున్నారు కదా, ఈ షాట్ డూప్ లేకుండా చేయగలిగినవాడు హీరో.

కిరీటం అంటే గుర్తొచ్చింది, అసలు కిరీటమే లేదు. తిరుమలలో మహాద్వారం దాటగానే దేవేరులిద్దరి మధ్య చేతులు జోడించి నిలబడ్డ రాయల విగ్రహం మీరంతా చూసే ఉంటారు, క్యూలో తోసుకుంటూ పోతాం కాబట్టి ఆగి చూసుండరు. తల మీద ఉన్నది పొడవాటి కుళ్ళాయి, అంటే టోపీ. పేస్ చూసినప్పుడు కూడా జరీ కుళ్ళాయి, బంగారు గులాబీలు కుట్టిన తెల్లని బట్టలు, మెడలో వజ్రాల హారం. కాళ్ళకు మాత్రం ఏమీ లేవు. అంత చక్రవర్తి ఒట్టి కాళ్ళతో ఉండేవాడు! మా కాస్ట్యూమ్ డిజైనర్‌కి నేనిచ్చిన ఒకే ఒక్క ఆర్డర్, చెప్పులు కుట్టొద్దని.

సెట్ సంగతి త్వరగా చెప్పేస్తాను. హంపిలో రాజప్రాసాదాల రాతి పునాదులే మిగిలాయి, పైన కట్టింది చాలావరకు చెక్క, అది కాలిపోయింది. కాబట్టి రాతి కోటలు వేసి ఇదే విజయనగరం అంటే అబద్ధం అవుతుంది. మేం చెక్కతో కడుతున్నాం, ఖర్చు ఎక్కువైనా సరే. అసలు హంపిలో షూటింగ్ చేయాలంటే పురావస్తు శాఖ అనుమతులు, జంతువులకు వేరే అనుమతులు, అవన్నీ ఉండనే ఉన్నాయి. ఏనుగులన్నీ సీజీయే.

ఇక యుద్ధాలు. ఉదయగిరి, కొండవీడు మాటల్లో వస్తాయి. తెర మీద చూపించేది ఒక్కటే, 1520 నాటి రాయచూరు. లక్షల సైన్యం అని రాశారు, ఆ అంకెలు నాకు అక్కర్లేదు. బీజాపూరు సుల్తాను ఆదిల్షా ఫిరంగులకు ముందు వరస చెదిరి మనవాళ్ళు వెనక్కి పరిగెత్తుతుంటే, రాయలు వేలి ఉంగరం తీసి ఒక కుర్ర సేవకుడి చేతిలో పెట్టాడని నూనిజ్ రాశాడు, తాను చనిపోయానని రాణులకు గుర్తుగా చూపించమని. తర్వాతే గుర్రాన్ని ముందుకు నడిపాడు. నా కెమెరా రాయలతో వెళ్ళదు, ఆ కుర్రాడి దగ్గరే ఉంటుంది. గెలిచారో ఓడారో తెలియక, గుప్పిట్లో ఉంగరం బిగించుకుని, దుమ్ములోకి చూస్తూ ఉండే కుర్రాడు. యుద్ధమంతా వాడి చెవులకు వినబడినంతే.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి, ఇది హిందూ ముస్లిం సినిమా కాదు. రాయల నగరంలో ముస్లింల వీధి ఉంది, వాళ్ళు ఆయన జీతం తీసుకుని ఆయన్నే కాపలా కాశారు, ఇది పేస్ కళ్ళారా చూసి రాసింది. ఆయన బిరుదుల్లో యవనరాజ్య స్థాపనాచార్య, అంటే ముస్లిం రాజ్యాన్ని నిలబెట్టినవాడు అని ఉంది, బహమనీ సుల్తానును మళ్ళీ గద్దె మీద కూర్చోబెట్టినందుకు. ఆయన పెద్ద పోరు చేసింది ఒడిశా గజపతితో, చివరికి ఆ గజపతి కూతుర్నే పెళ్ళి చేసుకున్నాడు. ఈ చిక్కంతా తీసేసి ఒకవైపు మంచివాళ్ళు, ఇంకోవైపు చెడ్డవాళ్ళు అని పంచేస్తే ఆ మనిషికి మనం అన్యాయం చేసినట్టే.

అల్లసాని పెద్దన ఎదురైతే ఏనుగును ఆపి, చెయ్యందించి పైకెక్కించుకున్నాడని చెప్పుకుంటాం. ఆ చెయ్యి నా సినిమాలో ఉంటుంది. అప్పాజీకి శిక్ష చెప్పేటప్పుడు లేచే చెయ్యి కూడా అదే. రెండూ ఒకే లెన్స్‌తో, ఒకే దూరం నుంచి తీస్తాను.

పెనుకొండలో తిమ్మరుసు సమాధి అని ఒకటి చూపిస్తారు. రెక్కీకి వెళ్ళినప్పుడు అక్కడ చాలాసేపు కూర్చున్నాను. కళ్ళు పోయాక అప్పాజీ, రాయలు మళ్ళీ ఎదురుపడే సీన్ ఒకటి రాయాలని నా కోరిక, చరిత్రలో అలాంటిది లేదు, నేను కల్పించుకోవాల్సిందే. ఇప్పటికి మూడుసార్లు రాసి చింపేశాను. మూడింట్లోనూ రాయలు క్షమించమని అడుగుతున్నాడు, ఆయన అడిగే మనిషి కాదు. నాలుగోసారి రాస్తున్నదాంట్లో మాటల్లేవు, రాయలు ఒట్టి కాళ్ళతో లోపలికి వస్తాడు, అప్పాజీ ఆ అడుగుల చప్పుడు గుర్తుపట్టి లేచి నిలబడతాడు. అక్కడిదాకా వచ్చింది.