ఒప్పుకోకుండా ఉంటే బాగుండేదా?

అందరికీ నమస్కారం.

ఆపరేషన్ బాగా జరిగి పేషెంటు ఇంటికెళితే, మన ఆసుపత్రివాళ్ల దృష్టిలో ఆ కథ అయిపోయినట్టే. ఏడాది తర్వాత ఆ పెద్దాయన రాత్రిళ్లు "అనవసరంగా ఒప్పుకున్నానా" అని మథనపడుతుంటే అది ఏ కేస్‌షీటులోకీ ఎక్కదు.

మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథికి వచ్చే క్యాన్సర్‌నే చూడండి. బ్రిటన్‌లోని ప్రొటెక్ట్ పరిశోధనలో 1643 మందిని మూడు గుంపులు చేశారు. కొందరికి ఆపరేషన్, కొందరికి రేడియేషన్, మిగతావాళ్లకు పరీక్షలు చేస్తూ కనిపెట్టుకుని ఉండటం. 15 ఏళ్ల ఫలితాలు 2023లో వచ్చాయి. ఆ క్యాన్సర్‌తో పోయినవాళ్లు ఏ గుంపులోనైనా 3 శాతం అటూఇటూ. కానీ ఆపరేషన్ గుంపులో ఆరేళ్ల తర్వాత కూడా 17 శాతం మంది మూత్రం ఆగక ప్యాడ్లు వాడుతున్నారు. కనిపెట్టుకుని ఉన్న గుంపులో అలాంటివాళ్లు 8 శాతమే, అయితే జబ్బు ఒంట్లో పాకినవాళ్లు అక్కడ దాదాపు రెట్టింపు. ఏ దారి పట్టినా "అటు పోయుంటే" అనుకోవడానికి చోటుంది.

ఈ విచారాన్ని కొలవడానికి కెనడా పరిశోధకులు 2003లో ఒక కొలమానం ప్రచురించారు. అందులో ఐదే వాక్యాలు. నిర్ణయం సరైనదేనా, తెలివైనదేనా, మళ్లీ అవకాశమొస్తే అదే ఎంచుకుంటారా, విచారిస్తున్నారా, దానివల్ల బాగా చెడు జరిగిందా. జవాబులను 0 నుంచి 100 దాకా లెక్కగడతారు. సున్నా అంటే ఏ విచారమూ లేదని. గట్టిగా "అవును" అనకుండా మర్యాదకు తలూపినట్టు అన్నిటికీ మెత్తగా సానుకూలంగా చెబితే 25 వస్తుంది. ఆ 25 దగ్గర నేనైతే ఆగి, ఇంకో మాట అడుగుతాను.

ఈ వాక్యాలను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెచ్చేటప్పుడే అసలు కష్టం. "పశ్చాత్తాపం" అని రాస్తే పెద్దవాళ్లు "నేనేం పాపం చేశాను?" అంటారు. "బాధగా ఉందా" అంటే నొప్పి గురించి చెబుతారు. "అలా చేయకుండా ఉంటే బాగుండేదని అనిపిస్తోందా" అనాలి, అంతే. ఇంకొకటి. మూలంలో విచారం గురించి అడిగే వాక్యంలో నిర్ణయం ఎవరిదో చెప్పలేదు, "తీసుకున్న నిర్ణయం" అనే ఉంది. దయచేసి దాన్ని "మీరు తీసుకున్న నిర్ణయం" చేయకండి. మన ఇళ్లల్లో చాలాసార్లు సంతకం నాన్నది, నిర్ణయం కొడుకుది. ఆ కొడుకు పక్కన నిలబడి ఉంటే నాన్న నోట నిజం రాదు.

డాక్టరే అడిగినా రాదు. "మీ చలవ వల్ల బాగానే ఉన్నాను బాబూ" అంటారు. కాబట్టి వైద్యం చేయనివాళ్లు ఎవరైనా, ఇంట్లో, ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి. డిశ్చార్జి రోజున వద్దు. గండం గడిచిందన్న ఊరట ఆ రోజు అన్నిటినీ కప్పేస్తుంది. ఆర్నెల్లకు ఒకసారి, ఏడాదికి మరోసారి వెళ్లి కూర్చోండి.