ఫెయిత్ నో మోర్ ‘ఏంజెల్ డస్ట్’: శ్రోతల మాట ఎందుకు మారింది?

[తెర మీద: నీలి నేపథ్యంలో తెల్లని కొంగ. కొన్ని క్షణాల తరువాత అదే అట్ట వెనుక వైపు కనిపిస్తుంది.]

ఈ ఆల్బమ్ అట్టను ముందు నుంచి చూస్తే కనిపించేది కొంగ. వెనక్కి తిప్పితే కొక్కేనికి వేలాడుతున్న పశుమాంసం కనిపిస్తుంది. ‘ఏంజెల్ డస్ట్’ అనే పేరు కూడా అలాంటిదే. వినడానికి ఎంతో మృదువుగా ఉన్న ఆ మాట అమెరికా వీధుల్లో పీసీపీ అనే భయంకరమైన మత్తుమందుకు వాడుక పేరు. ఫెయిత్ నో మోర్ అనే రాక్ బృందంలో కీబోర్డ్స్ వాయించే రాడీ బాటమ్ ఈ పేరు సూచించాడు. 1992 జూన్‌లో వెలువడిన ఈ ఆల్బమ్ గురించి శ్రోతలు ముప్పై ఏళ్లకు పైగా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదన దేని మీద నడిచిందో, అందులో ఎవరి మాటలో ఎంత పస ఉందో ఈ వీడియోలో పరిశీలిద్దాం.

[తెర మీద: సాన్ ఫ్రాన్సిస్కో నగర దృశ్యం.]

ముందుగా, ఆనాటి శ్రోత ఏమి ఆశించాడో తెలుసుకోవాలి. సాన్ ఫ్రాన్సిస్కోకు చెందిన ఫెయిత్ నో మోర్ 1989లో ‘ద రియల్ థింగ్’ అనే ఆల్బమ్ విడుదల చేసింది. అందులోని ‘ఎపిక్’ అనే పాట మరుసటి ఏడాది అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో 9వ స్థానానికి చేరింది. ర్యాప్ తరహా చరణం, దాని వెనుక బరువైన గిటార్, ఆ తరువాత గొంతెత్తి పాడుకోదగిన పల్లవి కలిసిన ఆ నమూనా ఎంతగా నచ్చిందంటే, తరువాతి ఆల్బమ్‌లో అలాంటివే మరో పది పాటలు ఉంటాయని చాలామంది నమ్మారు. రికార్డు కంపెనీ కూడా అదే నమ్మింది. కొత్త పాటలు విన్న కంపెనీ పెద్ద ఒకరు, మీలో ఎవరూ ఇళ్లు కొనలేదనే ఆశిస్తున్నానన్న అర్థంలో మాట్లాడారని బేస్ వాద్యకారుడు బిల్లీ గూల్డ్ తరువాతి కాలంలో గుర్తుచేసుకున్నాడు.

ఇక శ్రోతల మొదటి ఫిర్యాదుకు వద్దాం. ఈ ఆల్బమ్‌లోని పాటలు ఒక చోట నిలవవని, ఏ భావంలోకి తీసుకువెళ్తున్నాయో తేలేలోగా మరో చోటికి ఈడ్చుకుపోతాయని వారు అన్నారు. ఈ ఫిర్యాదు అక్షరాలా నిజం. ‘ఆర్‌వీ’ అనే పాటలో ట్రెయిలర్ బండిలో బతికే ఒక అలసిన మనిషి మందకొడి సంగీతం మీద తనలో తాను గొణుక్కుంటాడు. ‘ల్యాండ్ ఆఫ్ సన్‌షైన్’ సాహిత్యంలో ఫార్చ్యూన్ కుకీలలో దొరికే జోస్యపు చీటీల వాక్యాలు, వ్యక్తిత్వ పరీక్షలో అడిగే ప్రశ్నలు వినిపిస్తాయి. ‘బీ అగ్రెసివ్’ పల్లవిని ఆటల మైదానంలో చీర్‌లీడర్లు అరిచే నినాదంలా అమ్మాయిల గొంతులు పాడతాయి. ‘మాల్‌ప్రాక్టీస్’ మరీ కఠినమైనది. గొంతు చించుకునే అరుపుల నడుమ హఠాత్తుగా సోవియట్ స్వరకర్త షోస్టకోవిచ్ 8వ స్ట్రింగ్ క్వార్టెట్ (నాలుగు తీగ వాద్యాల కూర్పు) నుంచి, క్రోనోస్ క్వార్టెట్ అనే బృందం వాయించిన ఒక చిన్న ముక్క శాంపిల్‌గా, అంటే రికార్డు నుంచి కోసి అతికించిన ధ్వనిగా, వచ్చి పోతుంది.

వీటన్నిటినీ గందరగోళం అని కొందరు, స్వేచ్ఛ అని కొందరు పిలిచారు. నా దృష్టిలో ఇద్దరూ ఒకే గుణాన్ని వేర్వేరు పేర్లతో చెబుతున్నారు. పాట మొదట్లో ఇచ్చిన మాటను కావాలనే తప్పడం ఈ ఆల్బమ్ నిర్మాణ పద్ధతి. అట్ట మీది కొంగ, వెనుకనున్న మాంసం ఆ పద్ధతిని ముందే చెబుతున్నాయి. అయితే ఈ పద్ధతిలో క్రమశిక్షణ లేదని అనుకుంటే పొరపాటు. అందుకు ‘మిడ్‌లైఫ్ క్రైసిస్’ పాటను శ్రద్ధగా వినాలి. సైమన్ అండ్ గార్ఫంకెల్ అనే గాయక జంట పాట నుంచి తీసుకున్న లయ ముక్క ఒకటి మైక్ బోర్డిన్ డ్రమ్స్‌తో కలిసి నడుస్తుంది. చరణంలో గొంతు బొంగురుగా, ముక్కలు ముక్కలుగా కొరికినట్లు పలుకుతుంది. పల్లవి రాగానే అదే గొంతు తలుపులు తెరిచినట్లు విశాలమవుతుంది. చివరికి అంతవరకు విడివిడిగా విన్న రెండు భాగాలూ ఒకదాని మీద ఒకటి పరచుకుని ఒకేసారి వినిపిస్తాయి. మొదటిసారి విన్నప్పుడు ఆ ముగింపులో రద్దీ మాత్రమే తెలుస్తుంది. రెండు వరుసలూ నోటికి వచ్చిన తరువాత వింటే, మొదటి నుంచీ అవి ఒకదానికొకటి సరిపడేలా కోసి పెట్టిన ముక్కలని అర్థమవుతుంది. ఈ పాట అమెరికాలో మోడర్న్ రాక్ పట్టికలో మొదటి స్థానానికి చేరడం వెనుక ఈ పొందిక కూడా ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

[తెర మీద: 1989, 1992 సంవత్సరాల గాత్రాన్ని పక్కపక్కన పెట్టి వినిపించే భాగం.]

గాయకుడు మైక్ ప్యాటన్ గొంతు మీద కూడా అభిప్రాయాలు చీలాయి. ‘ద రియల్ థింగ్’ నాటికి అతడు బృందంలోకి కొత్తగా వచ్చినవాడు. సంగీతం చాలావరకు సిద్ధమయ్యాక సాహిత్యం రాసి, ముక్కుతో పలికే కుర్రతనపు స్వరంతో పాడాడు. మూడేళ్ల తరువాత ఆ స్వరం దాదాపు మాయమైంది. దాని స్థానంలో లోతైన మంద్రం, గుసగుస, నాటకీయమైన సంభాషణ, భరించలేని కేక వచ్చాయి. పాత గొంతును ప్రేమించిన శ్రోతలు నొచ్చుకోవడం సహజమే. కానీ ఒక్కో పాటలో ఒక్కో మనిషిని నిలబెట్టాలనుకున్న గాయకుడికి ఒక్క స్వరం చాలదు. ట్రెయిలర్‌లోని ఆ మనిషి మాటలను ‘ఎపిక్’ గొంతుతో ఊహించుకుని చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది.

గిటార్ గురించిన ఫిర్యాదును మాత్రం నేను తోసిపుచ్చలేను. మెటల్ ప్రియులలో చాలామంది, జిమ్ మార్టిన్ గిటార్ కీబోర్డ్స్, శాంపిల్స్ వెనుక అణగిపోయిందని బాధపడ్డారు. ఈ ఆల్బమ్ సాగిన దిశ మార్టిన్‌కు కూడా నచ్చలేదు. 1993 చివరికి అతడు బృందానికి దూరమయ్యాడు. అతడు స్వరపరచిన ‘జిజ్‌లాబర్’ వింటే, నష్టపోయింది ఏమిటో తెలుస్తుంది. బురదలా చిక్కగా, నెమ్మదిగా పాకే ఆ గిటార్ బరువు మిగతా పాటలలో మరికొంత ఉండి ఉంటే ఆల్బమ్ ఇంకా బలంగా ఉండేదని అనేవారితో నేను సగం ఏకీభవిస్తాను. మిగతా సగం ఎందుకు ఏకీభవించనంటే, ‘ఎ స్మాల్ విక్టరీ’లో కీబోర్డ్ పలికించే ఆ సన్నని వరుస మీద గిటార్ గోడ కట్టి ఉంటే పాట ఊపిరాడక పోయేది.

అమ్మకాల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆల్బమ్ అమెరికాలో 10వ స్థానానికి, బ్రిటన్‌లో 2వ స్థానానికి చేరింది. అయినా అమెరికాలో దానికంటే ముందటి ఆల్బమ్ అంతగా అమ్ముడుపోలేదు. ఇతర దేశాలలో ఆదరణ ఎక్కువగా దక్కింది. కమడోర్స్ అనే అమెరికా బృందం పాడిన ‘ఈజీ’ని ఈ బృందం మళ్లీ పాడితే అది బ్రిటన్‌లో 3వ స్థానానికి చేరింది, తరువాతి ముద్రణలలో ఆల్బమ్‌లో కూడా చేరింది. ఆ తీయని పాట కోసం రికార్డు కొన్న శ్రోత ‘మాల్‌ప్రాక్టీస్’ దగ్గరకు వచ్చేసరికి ఎంత ఉలిక్కిపడి ఉంటాడో ఊహించవచ్చు.

2003లో బ్రిటన్ పత్రిక ‘కెరాంగ్!’ అత్యంత ప్రభావం చూపిన ఆల్బమ్‌ల జాబితాలో దీనికి మొదటి స్థానం ఇచ్చింది. ఇది కాలానికంటే ముందు వచ్చిందని అప్పటి నుంచి తరచుగా వినిపిస్తుంది. ఆ మాట నాకు తృప్తినివ్వదు. కాలం మారినందువల్లే ఆల్బమ్ మంచిదైపోలేదు. 59 నిమిషాల పాటు 13 పాటలను వరుసగా, పదేపదే విన్నవారు తమ మొదటి తీర్పును తామే దిద్దుకున్నారు.

ఆ దిద్దుబాటు ఎక్కడ జరుగుతుందో చివరి రెండు పాటలు చూపుతాయి. ‘జిజ్‌లాబర్’ ఆరున్నర నిమిషాలకు పైగా నలిపి నలిపి చివరకు చర్చి ఆర్గాన్ నాదంలో ముగుస్తుంది. తట్టుకోలేని శ్రోతలు సాధారణంగా దాని మధ్యలోనే ఆపేస్తారు. ఆపకుండా ఉన్నవారికి వెంటనే జాన్ బ్యారీ స్వరపరచిన ‘మిడ్‌నైట్ కౌబాయ్’ సినిమా సంగీతం, ఒక్క మాట కూడా లేకుండా, ఎంతో నెమ్మదిగా వినిపిస్తుంది. అట్ట మీద చూసిన కొంగ అక్కడ మళ్లీ కనిపిస్తుంది.

[తెర మీద: కొంగ బొమ్మ. సంగీతం నెమ్మదిగా తగ్గుతుంది.]