రక్షణ వీసా తిరస్కరించారా? ఆస్ట్రేలియా ట్రిబ్యునల్ కేసును ఎలా చూస్తుంది

[తెరపై: తిరస్కరణ లేఖ, అందులోని తేదీ]

స్వదేశంలో ప్రాణభయం ఉన్నవారు కోరే రక్షణ వీసాను ఆస్ట్రేలియాలో ఇవ్వలేమంటూ ఈమెయిల్ వస్తే, కారణాలకన్నా ముందు తేదీ చూడండి. మీరు తెరిచినా తెరవకపోయినా, పంపిన రోజు ముగిసేసరికి అది మీకు అందినట్టే చట్టం లెక్క. 28 రోజుల్లోగా ట్రిబ్యునల్‌ను పునఃపరిశీలన కోరాలి. నిర్బంధంలో ఉన్నవారికి 7 రోజులే. గడువు దాటితే, ఎంత బలమైన కారణం ఉన్నా ట్రిబ్యునల్ పొడిగించలేదు. ప్రాణభయంతో వచ్చినవారి విషయంలో ఇది చాలా క్రూరమైన నిబంధన అని నేను నమ్ముతాను. దరఖాస్తుకు ముందుగా రుసుము లేదు, ఓడిపోతే కట్టాలి.

[తెరపై: అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రిబ్యునల్]

2024 అక్టోబరు 14 నుంచి ఈ పునఃపరిశీలన బాధ్యత అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రిబ్యునల్‌ది. వీసా తిరస్కరించిన అధికారి ఎక్కడ పొరబడ్డాడో వెతకడంతో దీని పని ముగియదు. ఆ అధికారి స్థానంలో తానే కూర్చుని కేసును మొదటి నుంచి తేలుస్తుంది. అది అడిగే ప్రశ్న ఇది: ఈరోజు మిమ్మల్ని స్వదేశానికి పంపితే జాతి, మతం, జాతీయత, రాజకీయాభిప్రాయం, ఏదైనా ప్రత్యేక సామాజిక సమూహానికి చెందడం వంటి కారణాలతో తీవ్రమైన హాని జరిగే నిజమైన అవకాశం ఉందా? సగానికి మించిన అవకాశం ఉండాలని లేదు. నూటికి పది పాళ్లు ఉన్నా చాలవచ్చని 1989లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమైన ఆస్ట్రేలియా హైకోర్టు న్యాయమూర్తి ఒకరు రాశారు.

మనవాళ్ల కేసులు ఎక్కువగా చిక్కుకునే ప్రశ్న మరొకటి ఉంది. కులాంతర వివాహం చేసుకున్న జంటను సొంత ఊరివాళ్లు చంపుతామని వెంటాడుతున్నారనుకుందాం. భారతదేశంలో మరో రాష్ట్రానికి వెళ్లి సురక్షితంగా బతకలేరా అని కేసు వినే ట్రిబ్యునల్ సభ్యులు అడుగుతారు. దానికి సమాధానం ఆధారాలతో సహా సిద్ధంగా ఉండాలి.

[తెరపై: విచారణ గది]

విచారణ బహిరంగంగా జరగదు. తెలుగు దుభాషిని కోరవచ్చు. మొదటి ఇంటర్వ్యూలో చెప్పినదానికీ ఇప్పుడు చెబుతున్నదానికీ తేడా ఉంటే నిలదీస్తారు. సరైన కారణం లేకుండా కొత్త విషయం బయటపెడితే దాన్ని అనుమానంతో చూడాలని చట్టమే చెబుతోంది. దెబ్బలు తిన్న మనిషికి తేదీలు గుర్తుండకపోవడం అబద్ధానికి గుర్తు కాదు. అందుకే మనోవైద్యుల నివేదిక ఉంటే తప్పక ఇవ్వండి.

గెలిస్తే ట్రిబ్యునల్ తానే వీసా ఇవ్వదు, రక్షణ అర్హత ఉందని చెప్పి కేసును హోం వ్యవహారాల శాఖకు తిప్పి పంపుతుంది. ఓడితే 35 రోజుల్లో ఫెడరల్ సర్క్యూట్ అండ్ ఫ్యామిలీ కోర్టుకు వెళ్లవచ్చు. అక్కడ చూసేది చట్టపరమైన తప్పునే, మీ భయం నిజమా కాదా అన్నది కాదు.

[తెరపై: సహాయం]

పని చేసుకునే హక్కు కోసం రక్షణ వీసా పెట్టమని ఏజెంటు సలహా ఇస్తే విద్యార్థులు దయచేసి వినకండి. ఒకసారి తిరస్కరణకు గురైతే ఆస్ట్రేలియాలో ఉంటూ మళ్లీ అదే వీసా కోరడం సాధారణంగా కుదరదు. నిజంగా ప్రాణభయం ఉంటే, శరణార్థులకు న్యాయసహాయం చేసే సంస్థలైన సిడ్నీలో రెఫ్యూజీ అడ్వైస్ అండ్ కేస్‌వర్క్ సర్వీస్‌ను, మెల్‌బోర్న్‌లో రెఫ్యూజీ లీగల్‌ను ఆ 28 రోజుల్లోనే, వీలైతే మొదటి వారంలోనే సంప్రదించండి.