మురుగు చెరువుకు ఎండ తగలనివ్వండి

శ్రోతలకు నమస్కారం.

పంజాబులో కాళీ బెయిన్ అని ఒక చిన్న నది ఉంది. పొడవు సుమారు 160 కిలోమీటర్లు. దీని ఒడ్డునే సుల్తాన్‌పూర్ లోధీ ఉంది. గురునానక్ అక్కడ ఈ నదిలో మునిగి, మూడు రోజుల తర్వాత పైకి వచ్చారని సిక్కుల విశ్వాసం. అంతటి పుణ్యనదిలోకే ఒడ్డు మీది ఊళ్లన్నీ మురుగు వదిలాయి. గుర్రపుడెక్క నీళ్లు కనిపించకుండా అల్లుకుపోయింది.

2000లో బల్బీర్ సింగ్ సీచేవాల్ అనే సాధువు, ఆయన వెంట జనం, ఆ నీళ్లలోకి దిగారు. గుర్రపుడెక్కను చేతులతో పీకి ఒడ్డుకు చేర్చారు. 2006లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం స్వయంగా వచ్చి ఈ పని చూశారు. ఇంతవరకు చాలామందికి తెలిసిన సంగతే. నాకు ఇంతకంటే ఇష్టమైనది ఆ తర్వాతి సంగతి.

నదిని ఎంత శుభ్రం చేసినా, ఊరి మురుగు వచ్చి పడుతూనే ఉంటే ఏం లాభం? అందుకే ఆయన సొంత ఊరైన సీచేవాల్ గ్రామంలో మురుగును నదికి పోనివ్వకుండా మళ్లించారు. ఇళ్ల నుంచి వచ్చే నీరు భూమిలోని గొట్టాల గుండా ఊరి బయటికి వస్తుంది. అక్కడ వరసగా మూడు బావులు. బరువైన మడ్డి అడుగుకు దిగుతుంది, జిడ్డూ నురగా పైకి తేలి అక్కడే ఆగిపోతాయి, మధ్యలోని నీరు ముందుకు సాగుతుంది. మూడో బావి దాటిన నీరు చెరువులో చేరుతుంది. కొన్నాళ్లు ఎండలో నిలిచాక దాన్ని మోటారుతో పొలాలకు తోడుకుంటారు. నదిని పాడుచేసిన నీరే ఇప్పుడు పైరుకు ఎరువునీరు.

మురుగులో నూటికి 99 పాళ్లకు పైగా ఉండేది నీరే. మిగిలిన ఆ కాస్త కల్మషాన్ని బాక్టీరియా తినేస్తుంది. తినడానికి దానికి ప్రాణవాయువు కావాలి. ఆ ప్రాణవాయువును ఇచ్చేది పాచి. మనం చీదరించుకునే ఆ పచ్చటి పాచే! బాక్టీరియా వదిలిన బొగ్గుపులుసు వాయువును పాచి తీసుకుంటుంది, ఎండ సాయంతో ప్రాణవాయువును తిరిగి ఇస్తుంది. మంచి ఎండ కాసే మధ్యాహ్నం ఇలాంటి చెరువు గట్టున కాసేపు కూర్చుని చూడండి. పాచి మీద ఆవగింజంత బుడగలు పుట్టి, ఒక్కొక్కటే పైకి వచ్చి పగులుతుంటాయి. నేను అలా కూర్చుని చూశాను. గాలి కొట్టే యంత్రం లేదు, కరెంటు లేదు. ఎండే ఆ పని చేస్తోంది. రోగాలు తెచ్చే క్రిములను చంపడంలోనూ ఆ ఎండదే పెద్ద చెయ్యి.

కాబట్టి, ఏరు పక్కనున్న మన పల్లెల్లో ఇలాంటి చెరువు తవ్వాలనుకునేవారికి నేను చెప్పేది ఒక్కటే. ఎండ తగలనివ్వండి. తవ్వడం ఒక వేసవి పని. ఎండ తగలనివ్వడం ఏడాది పొడుగునా చేయాల్సిన పని. గుర్రపుడెక్క ఒక్క మొక్క చేరినా చాలు, కొన్ని నెలల్లో చెరువంతా కప్పేస్తుంది. పైన పచ్చగానే కనిపిస్తుంది. కింద మాత్రం చీకటి. చీకట్లో నీటిలోని పాచి బతకదు. పాచి లేకపోతే ప్రాణవాయువు లేదు. ఇక మిగిలేది దుర్వాసనే. అప్పుడు ఊరివాళ్లు చెరువును తిట్టుకుంటారు, పాపం చెరువు తప్పేమీ లేదు!

గట్టు వెంబడి నీళ్లలోకి వాలిన గడ్డి కూడా అంతే. దోమలు గుడ్లు పెట్టేది ఆ గడ్డి నీడలోనే. ఈ చూసుకునే పని ఒక మనిషికి పేరు పెట్టి అప్పగించండి, పంచాయతీ నుంచి కూలి ఇవ్వండి. అందరి పని అంటే ఎవరి పనీ కాకుండా పోవడం మా ఊరి కుంట దగ్గర నేను చిన్నప్పటి నుంచీ చూశాను. వారానికి ఒకరోజు పొద్దున్నే ఆ మనిషి ఒక కొడవలి, ఒక పొడవాటి వెదురుగడ పట్టుకుని గట్టు చుట్టూ తిరగాలి. అంచున గడ్డి కోయాలి. తేలే మొక్క ఏది కనిపించినా గడతో ఒడ్డుకు లాగి, వేళ్లతో సహా ఎండలో ఆరబెట్టాలి. తీసిన మొక్కను గట్టు మీద నీటి అంచునే వదిలేయకూడదు. వానొస్తే అది మళ్లీ చెరువులోకే జారుతుంది.