టైర్ల కంటే ముందు వెనక యాక్సిల్ చూడండి

అందరికీ నమస్కారం. డెన్వర్ చుట్టుపక్కల జీపులున్న మన తెలుగువాళ్లను ఇలా ఒకచోట చేర్చిన మిత్రులకు, పొద్దున్నే లేచి పులిహోర కలిపి తెచ్చిన వదినలకు, అక్కలకు ధన్యవాదాలు. నన్ను జీపు మెయింటెనెన్స్ గురించి మాట్లాడమన్నారు. ఆయిల్, ఫిల్టర్ల సంగతి మాన్యువల్‌లో ఉంది, చూసుకోండి. నేను వెనక యాక్సిల్, అంటే వెనక చక్రాలను తిప్పే షాఫ్టులు, గేర్లు ఉండే భాగం గురించే మాట్లాడతాను.

ఇక్కడ చాలామందివి 1997, 2006 మధ్య వచ్చిన టీజే రకం జీప్ రాంగ్లర్లు. వాటిలో ఎక్కువ బళ్లకు వెనక ఉండేది డానా 35 అనే యాక్సిల్. కొన్నిటికి దానికంటే గట్టిదైన డానా 44 వచ్చింది. 2003లో మొదలైన రూబికాన్ మోడల్‌కు ముందూ వెనకా డానా 44యే. డానా 35లో వెనక షాఫ్టుకు 27 స్ప్లైన్లు, అంటే కొసన చెక్కిన పళ్లు, డానా 44లో 30. షాఫ్టు లావు తేడా కంటికి పెద్దగా ఆనదు. కానీ మెలితిప్పును తట్టుకునే బలం వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. అదే ఉక్కుతో వ్యాసం 10 శాతం పెంచితే బలం 33 శాతం పెరుగుతుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. మా బావమరిది సెకండ్ హ్యాండ్‌లో టీజే కొని ఒక షాపులో ఇచ్చాడు. వాళ్లు 35 అంగుళాల టైర్లు, బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్, రెండు వెనక చక్రాలనూ కలిపి ఒకేలా తిప్పే లాకర్ వేసి బిల్లు చేతిలో పెట్టారు. లాకర్ వెయ్యాలంటే యాక్సిల్ మధ్య గేర్లుండే డిఫరెన్షియల్ కవర్ విప్పాలి కదండీ! విప్పారు, లోపల డానా 35 ఉందని చూశారు, మళ్లీ మూసేశారు. ఈ టైర్లకు, లాకర్‌కు అది ఆగదని ఒక్క మాట చెప్పలేదు. నా కోపమంతా అక్కడే.

యూటాలోని మోయాబ్‌లో హెల్స్ రివెంజ్ అనే రాళ్ల దారి మీద బావమరిది బండిని రాతి మెట్టు ఎక్కిస్తున్నాడు. నేను ముందు నిలబడి సైగలు చేస్తున్నాను. కుడి వెనక చక్రం గాల్లోకి లేచింది, ఎడమది రాతి చీలికలో బిగుసుకుంది. లాకర్ లేకపోతే గాల్లో చక్రం ఊరికే తిరిగేది, షాఫ్టు బతికేది. లాకర్ ఉంటే వెనక యాక్సిల్‌కు వచ్చే బలమంతా పట్టు దొరికిన చక్రం మీదే పడుతుంది. ఆ బలం ఎంతో చూడండి. గేర్ల నిష్పత్తులు ఇవి: మొదటి గేరు సుమారు 4, నెమ్మదిగా బలంగా ఎక్కడానికి వాడే లో రేంజ్ 2.72, డిఫరెన్షియల్ 3.73. మూడూ గుణిస్తే ఇంజిన్ టార్క్, అంటే తిప్పే బలం, 40 రెట్లు దాటుతుంది. పైగా టైరు ఎంత పెద్దదైతే షాఫ్టును అంత ఎక్కువగా మెలితిప్పగలదు.

ఠప్‌మని విరిగింది. ఆ డానా 35లో షాఫ్టును లోపలి కొసన సీ క్లిప్ అనే సీ అక్షరం ఆకారపు చిన్న క్లిప్పు పట్టి ఉంచుతుంది, అంతే. మధ్యలో విరిగితే బయటి ముక్కను ఆపేది లేదు. చక్రం, డ్రమ్ము, విరిగిన షాఫ్టు కలిసి జానెడు బయటికి జారాయి. డ్రమ్ము పోయాక పెడల్ తొక్కితే వీల్ సిలిండర్‌లోంచి పిస్టన్లు బయటికి తన్నుకొచ్చి ఫ్లూయిడ్ కారిపోయింది. బండి వెనక్కి జారింది. ముందు బ్రేకులు పట్టాయి కాబట్టి సరిపోయింది. వెనక సీట్లో వాడి కూతురుంది, ఆరేళ్ల పిల్ల!

టీజేలో వచ్చే డానా 44లో షాఫ్టును బయటివైపు, బేరింగు దగ్గర ప్లేటు వేసి బోల్టులతో బిగిస్తారు. షాఫ్టు లోపల విరిగినా చక్రం ఊడిరాదు. దాన్ని మించింది ఫుల్ ఫ్లోటింగ్ రకం యాక్సిల్. విజయవాడ ఆటోనగర్‌లో లారీల పని చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. హబ్ మధ్య బోల్టులు విప్పి షాఫ్టు లాగేసినా లారీ చక్రాల మీదే నిలబడి ఉంటుంది. ఎందుకంటే అక్కడ షాఫ్టు పని తిప్పడమే, బరువు మొయ్యడం కాదు.

అందరినీ ఇంకా పెద్దదైన డానా 60 కొనమని నేననను. దాని బరువు ఎక్కువ, డిఫరెన్షియల్ ఉండే గుండు కిందికి వేలాడి రాళ్లకు తగులుతుంది. 31 అంగుళాల టైర్లు, లాకర్ లేని బండి అయితే డానా 35తో హాయిగా తిరగండి. 33 అంగుళాల టైర్లు, లాకర్ అంటే డానా 44 వైపు వెళ్లండి. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండి వెనక యాక్సిల్, 8.8 అంటారు, పాత సామాన్ల యార్డుల్లో దొరుకుతుంది, 31 స్ప్లైన్లు, కానీ దాంట్లోనూ సీ క్లిప్పే, మరచిపోకండి. 35 అంగుళాల టైర్లు వేసి రాళ్లెక్కాలంటే ఫోర్డ్ 9 అంగుళాల యాక్సిలో, డానా 60యో చూసుకోవాలి. టైర్లకు దాచిన డబ్బు ముందు అక్కడ పెట్టండి.

బయట పార్కింగ్‌లో ఒక్కసారి బండి కిందికి వంగి చూడండి. కోలగా ఉన్న కవర్‌కు రబ్బరు బిరడా కనిపిస్తే అది డానా 35. అదీ, లాకరూ, పెద్ద టైర్లూ మూడూ ఉన్నవాళ్లు వచ్చే నెల మోయాబ్‌కు బయల్దేరే ముందు దయచేసి నాకు చెప్పండి. ఆ బళ్లను రాళ్ల మీదికి ఎక్కించనివ్వను. పిల్లల్ని నా జీపులో కూర్చోబెట్టుకుంటాను.