వలస కాలాన్ని లెక్కలోకి తీసుకునే పరిశోధన

సభకు నమస్కారం. క్లినికల్ సైకాలజీలో పీహెచ్‌డీ ప్రతిపాదనలు సిద్ధం చేసుకుంటున్న మీతో ఒక్క విషయమే మాట్లాడదలిచాను. పాలమూరు పల్లెల్లో పరిశోధన చేసేవారు తమ కాలపట్టికను ఊరి వలసను చూసి వేసుకోవాలి.

కోస్గి, మద్దూరు వైపు వానకాలం పంట ఇల్లు చేరి దీపావళి దాటిందంటే, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్న కుటుంబాలు ముంబైకో పుణేకో బయలుదేరి, మళ్లీ తొలకరికి గాని తిరిగి రావు. చికిత్సకు ముందు అక్టోబరులో కుంగుబాటుకు తొలి కొలత తీసుకుని, తర్వాత జనవరిలో మలి కొలతకు వెళ్లిన విద్యార్థికి తాళం వేసిన తలుపులు ఎదురవుతాయి. దొరికేది బోరు కింద కాస్త భూమి ఉన్నవాళ్లు, కదలలేని ముసలివాళ్లు. అప్పు బరువుతో వెళ్లినవారిని వదిలేసి మిగిలినవారి సగటు తీస్తే కుంగుబాటు తగ్గినట్టే కనిపించవచ్చు. దాన్ని చికిత్స ఫలితమని సిద్ధాంత గ్రంథంలో రాయడం ఆ కుటుంబాలకు అన్యాయం. లోపించిన విలువలను అంచనా కట్టే గణాంక పద్ధతులు ఉన్నా, వెళ్లినవారి గురించి ముందే కొంత తెలిసినప్పుడే వాటికి బలం. అందుకే ఈ ఏడు వలస పోతారా, అడ్వాన్సు ఎంత, ఏ నంబరులో దొరుకుతారు అనే వివరాలను తొలిరోజే అడిగి రాసుకోవాలి.

కుంగుబాటును కొలిచే ప్రశ్నావళి, 2001లో వెలువడిన పీహెచ్‌క్యూ-9 మీలో చాలామంది వాడేదే. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు, మొత్తం 27 మార్కులు. పొద్దంతా ఇటుకలు మోసిన మనిషి అలసట ప్రశ్నకు మూడు అంటే, అది పని వల్లనా, మనసు వల్లనా అని మరో మాట అడగక తప్పదు. ఫోనులో అడిగేటప్పుడు ఒకే రేకుల షెడ్డులో పక్కన నలుగురు ఉంటారు కనుక, జవాబుగా సున్నా నుంచి మూడు వరకు అంకె మాత్రమే చెప్పమనండి.

తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి సున్నా కాక వేరే అంకె వచ్చిన క్షణాన మీరు ఏం చేస్తారు? ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరు ఇవ్వడం అవసరమే, అంతటితో బాధ్యత తీరదు. ఏ మానసిక వైద్యుడికి చెప్పాలి, ఆ మనిషి పుణేలో ఉంటే అక్కడ ఎవరు చూస్తారు, మరునాడు ఎవరు ఫోను చేస్తారు అన్నది ప్రతిపాదనలోనే ఉండాలి. ఆ పేజీ లేని ప్రతిపాదనపై నేను సంతకం పెట్టను.